కెమెరా కంటికి బొట్టు

28 జనవరి 2021, గురువారం

కొన్నాను. ధర ఇక్కడ రాయను. డైరీకి కూడా గుండె ఉంటుంది.

పాత కెమెరా ఇచ్చేసి, పైన కొంత కట్టి, కొత్తది తెచ్చాను. పాతది మా అమ్మాయి ఆశ బడికెళ్ళే రోజుల నుంచీ నాతో ఉంది. మా పబేడాన్ పేటలో ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని చెవికుట్టు వేడుకలు తీసిందో దానికే తెలియాలి. ఈ మధ్య మీట నొక్కితే ముసలాడిలా దగ్గేది. కొత్తది చప్పుడే చెయ్యదు. గుంపులో మనిషి ముఖం ఎక్కడుందో తనే వెతుక్కుని, చుట్టూ ఆకుపచ్చ గడి గీసి, కంటి మీద ఫోకస్ పెడుతుంది. ఇన్నాళ్ళూ ఆ పని చేసినందుకే ఈ ఊరు నన్ను బర్మీసులో 'సయా', అంటే గురువుగారు, అని పిలిచింది. ఇక ఆ మర్యాద కెమెరాకే చేయాలి.

కరోనా మూలాన ఏడాదిగా పెళ్ళిళ్ళు లేవు. 'ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం' అంది అమ్మ. అననీ. టీకాలు వస్తున్నాయట, మార్చికల్లా అన్నీ తెరుస్తారట. ఫిబ్రవరి నుంచే బయానాలు మొదలై నా దశ తిరుగుతుంది.

29 జనవరి

అమ్మ పెట్టె ముట్టుకోనివ్వడం లేదు. పంచాంగం ముందేసుకుని కూర్చుంది. శుక్రవారం వర్జ్యం, శనివారం శని, ఆదివారం తిథి మంచిది కాదట.

"సోమారం పొద్దుట తియ్యిరా సత్తీ. దివ్యంగా ఉంది. రాజయోగం."

సింహాచలమ్మగారి మాటకు ఈ ఇంట్లో అప్పీలు లేదు. సోమవారం దాకా ఆగుతాను.

1 ఫిబ్రవరి, సోమవారం

రాజయోగం పట్టింది. నాకు కాదు.

తెల్లారేసరికి ఫోన్లు లేవు, నెట్ లేదు. సైన్యం రాత్రికి రాత్రి దేశాన్ని పుచ్చుకుందని పక్క కొట్టువాడు వచ్చి చెప్పాడు. బియ్యం కొట్ల ముందు జనం బారులు తీరారు. ఆశ బాల్కనీలో నిలబడి ఏడుస్తోంది. అమ్మ మాత్రం "ముగూర్తం దాటిపోతంది, కొబ్బరికాయ తే" అంది. పంతులుగారిని పిలుద్దామంటే ఫోన్ పనిచెయ్యదు కదా, తనే పంతులైంది.

దేశం ఎలాగూ పోయింది, కెమెరా అయినా తీద్దామని మూత విప్పాను. లెన్సు తెద్దామని అవతలికి వెళ్ళాను. ఒక్క నిమిషం, అంతే. తిరిగి వచ్చేసరికి అమ్మ కొబ్బరినీళ్ళలో కుంకం తడిపి, కెమెరా నోట్లోకి వేలు పెట్టి, లోపల మెరుస్తున్న సెన్సర్ అద్దం మధ్యలో, కొలిచినట్టు, బొట్టు పెట్టింది.

నేను అరిచిన అరుపుకి కింద వీధిలో జనం సైన్యం వచ్చిందనుకున్నారట.

"ఏటిరా ఆ కేకలు? కంటికే గదా ఎట్టినాను. కుట్టు మిసనుకెట్టినాను, పంకాకెట్టినాను, ఏదైనా సెడిందేటి మనింట్లో?"

కుట్టు మిషను బొట్టుతో కూడా గుడ్డ కుడుతుంది. సెన్సర్ అలా కాదు. దాని మీద ఏం పడినా, తీసిన ప్రతి ఫొటోలోనూ అదే చోట అదే మరక. పెళ్ళికూతురిని తీసినా, పెళ్ళికొడుకుని తీసినా, నడిమధ్యన మా అమ్మ వేలిముద్ర.

ఆశ ఏడుపు ఆపి పొట్ట పట్టుకుని నవ్వింది. "నాన్నా, కెమెరాకి పేరెట్టీ. సింహాచలం."

ఈ రోజు ఈ దేశంలో నవ్విన ఒకే ఒక్క మనిషి నా కూతురు అయి ఉంటుంది.

2 ఫిబ్రవరి

గాలి ఊదాను. మరక ఇంకాస్త పాకింది.

4 ఫిబ్రవరి

చిమిండైంగ్ పేటకి వెళ్ళి జోగిని కలిశాను. ఈ ఊళ్ళో కెమెరాల పొట్ట విప్పగలిగినవాడు, మన గంజాం మనిషి. చూడగానే కళ్ళకద్దుకున్నాడు, సెన్సర్‌ని కాదు, బొట్టుని.

"దీన్ని గుడ్డతో తుడవకన్నా. గీత పడిపోద్ది. దీనికి వేరే పుల్లలుంటాయి, మందుంటాది. బాంకాకు నుంచి రావాల."

"ఎప్పుడు వస్తాయి?"

"మింగళాడోన్లో ఇమానం దిగినప్పుడు."

విమానాలు లేవు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. పెళ్ళిళ్ళు లేవు, నెట్ లేదు, విమానం లేదు, ఉన్న కొత్త కెమెరాకి బొట్టు ఉంది.

7 ఫిబ్రవరి, ఆదివారం

వీధి నిండా జనం. సూలే పగోడా వైపు పారుతున్నారు. ఎర్ర జెండాలు, సలాముగా పైకెత్తిన మూడు వేళ్ళు. వాళ్ళందరి ముందు మా ఆశ.

చేతిలో నా మైకు! గ్రూపు ఫొటోలకి జనాన్ని సర్దడానికి నేను పట్టుకునే చేతి మైకు. 'వెనక వరసలో పొడుగువాళ్ళు, గడ్డాలు పైకెత్తండి' అని నేను ఎన్నేళ్ళు మొత్తుకున్నా వినని మనుషులు, అదే మైకులో ఇరవయ్యేళ్ళ పిల్ల నినాదం అంటే ఒక్క గొంతుతో తిరిగి అంటున్నారు. నాకు కాస్త అవమానంగానే ఉంది.

అందరూ బుద్ధిగా మాస్కులు కట్టుకున్నారు. ఆశ మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. దానికి కరోనా భయం లేదు, సైన్యం భయం లేదు, నా భయం అసలే లేదు.

బాల్కనీలోంచి కెమెరా పరీక్షించాను. దూరంగా ఉన్నవాటి మీద ఫోకస్ ఎలా ఉందో చూడాలి కదా. ఎంత పరీక్షించినా ఆకుపచ్చ గడి ఆశ ముఖం దొరకక అటూ ఇటూ వెతుకుతుంది. వెతికి, పక్కన మాస్కులో ఉన్న ఎవడి కళ్ళ మీదో వాలుతుంది. ఆశ ముఖం ఉండాల్సిన చోట ఎర్రటి మచ్చ. పక్కకు జరిపి తియ్యొచ్చు. కానీ పెళ్ళికూతుర్ని మధ్యలో పెట్టి తీసే చేతికి వేరే అలవాటు లేదు.

12 ఫిబ్రవరి

రోజూ వెళ్తోంది. రోజూ పరీక్షిస్తున్నాను.

భోజనాల దగ్గర చెప్పాను, మైకు బ్యాటరీలు ఊరికే రావు అని.

"నాన్నా, బ్యాటరీల గురించే బయమా నీకు?" అంది.

"మరేటనుకున్నావు?" అన్నాను.

అది నవ్వి నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది. ఈ పిల్లకి తెలుగు చదవడం నేర్పకపోవడం మంచిదైంది. ఈ డైరీ బల్ల మీదే వదిలెయ్యొచ్చు. సోదా చేసేవాళ్ళకీ రాదు. ఊళ్ళో ఈ లిపి వచ్చినవాళ్ళు కొద్దిమంది, వాళ్ళలో సగం మందికి కళ్ళు కనబడవు.

22 ఫిబ్రవరి, సోమవారం

దేశమంతా సమ్మె. కొట్లన్నీ మూశారు. నా స్టూడియో కూడా మూశాను. ఏడాదిగా ఎవరూ రాని కొట్టు మూసి నేనూ త్యాగం చేశాను.

28 ఫిబ్రవరి

కాల్చారు. నిజం తూటాలు. బస్టాపు దగ్గర ఒకబ్బాయి. పేరు తెలియదు.

నేను కిందికి పరిగెత్తాను. మైకు కోసం. నా వయసు వాడు లుంగీ ఎగగట్టి పొగలో పరిగెత్తడం చూసి ఎవరో నన్ను గోడ వారకు లాగారు. ఆశ ఒక మెట్ల దారిలో కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయాయి. మైకు గుండెకి పట్టుకుని ఉంది.

"నాన్నా, మైకు పోలేదు" అంది.

మైకు పోకపోవడం ఎంత మంచిదైందో! అందుకే కదా వెళ్ళాను.

5 మార్చి

వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి ఆడవాళ్ళ లుంగీలు ఆరేశారు. ఆడవాళ్ళు నడుముకి కట్టిన గుడ్డ కింద నడిస్తే మగవాడి బలం పోతుందని ఇక్కడి నమ్మకం. తుపాకులు పట్టుకున్నవాళ్ళు ట్రక్కు దిగి, కర్రలతో ఒక్కో లుంగీనీ జాగ్రత్తగా దింపుకుంటూ వస్తున్నారు. తూటాకి లొంగని వీరులు పరికిణీకి లొంగారు.

అమ్మ తన పాత లంగా ఒకటి తెచ్చి ఆశ చేతికిచ్చింది. "ఇదీ కట్టీ. మంచి గట్టి నాడా."

ఈ ఇంట్లో నేనొక్కడినే ఉద్యమంలో లేను.

9 మార్చి

మా వార్డు పెద్ద ఊ తిన్ వే కొట్టు దగ్గరికి వచ్చాడు. ఆయన కూతురి పెళ్ళి ఫొటోలు నేనే తీశాను. షోకేసు ముందు చాలాసేపు నిలబడి, "మైకు పట్టుకున్న పిల్ల ఎవరని పైవాళ్ళు అడుగుతున్నారు సయా. వాళ్ళ దగ్గర ఫొటో లేదు" అన్నాడు. అని, షోకేసులోకి మళ్ళీ ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

షోకేసు నిండా ఎవరు? పాస్‌పోర్టు సైజు నమూనా ఆశ. రంగుల నమూనా ఆశ. జలపాతం తెర ముందు ఐదేళ్ళ ఆశ. పట్టుచీరలో పోయిన ఏటి ఆశ. డబ్బులడగని మోడల్ అది ఒక్కతే మరి.

అన్నీ తీసి పొయ్యిలో వేశాను. ఆల్బమ్‌లు కూడా. కంప్యూటర్‌లోవి, ఫోన్లలోవి తుడిచేశాను. ఫొటో కాలితే వాసన బాగోదు. అమ్మ పొయ్యి దగ్గరే నిలబడి అన్నీ చూసింది. ఒక్క మాట అనలేదు. అమ్మ మాట అనకపోవడం ఇంతకు ముందు ఒక్కసారే చూశాను, ఆశ వాళ్ళమ్మ పోయిన రోజు.

కెమెరా కార్డులో ఉన్నవి మాత్రం ఉంచాను. అవి టెస్ట్ షాట్లు. బాంకాక్ నుంచి పుల్లలు వచ్చాక తేడా చూసుకోవడానికి కావాలి.

10 మార్చి

కావాలి. అంతే.

17 మార్చి, బుధవారం

మధ్యాహ్నం వచ్చారు. ఒక ఆఫీసరు, తుపాకులతో నలుగురు, వెనక తల వంచుకుని ఊ తిన్ వే. బాల్కనీలోంచి ఎవరో ఫొటోలు తీస్తున్నారని తెలిసిందట. కొండను తవ్వినట్టు ఇల్లంతా తవ్వారు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు, దేవుడి పటాల వెనక చూశారు. మైకు దొరకలేదు. అమ్మ దాన్ని ఎక్కడ పెట్టిందో నాకూ చెప్పలేదు, అడగలేదు కూడా. కెమెరాకి వెతుకులాట అక్కర్లేకపోయింది, బల్ల మీదే ఉంది.

ఆఫీసరు కుర్చీలో కూర్చుని ఫొటోలు ఒక్కొక్కటీ జరపడం మొదలుపెట్టాడు. వీధి, జనం, మాస్కులు. మాస్కు లేకుండా మైకు పట్టుకున్న ఒకే ఒక మనిషి, ప్రతి ఫొటోలోనూ నడిమధ్యన. ఎందుకు తుడవలేదురా వెధవా అని నన్ను నేను అప్పుడు తిట్టుకున్నాను, తుపాకీ ముందు నిలబడి తిట్టుకోవడం వల్ల ఏ లాభం?

అప్పుడే ఆశ టీ పట్టుకుని లోపలి నుంచి వచ్చింది. పుట్టాక మొదటిసారి మాస్కు సరిగ్గా ముక్కు మీదికి వేసుకుంది.

"ఎవరు?"

"మా అమ్మాయి."

"మాస్కు తియ్యి."

తీసింది. ఆఫీసరు తెర మీది ఫొటో చూశాడు. ఆశని చూశాడు. ఫొటో పెద్దది చేశాడు. పెద్దది చేస్తే మచ్చ కూడా పెద్దదైంది. ఇంకోటి. ఇంకోటి. ప్రతిదానిలోనూ మెడ పైన ముఖం ఉండాల్సిన చోట ఎర్రటి మచ్చ, పూర్ణిమ చంద్రుడిలా గుండ్రంగా.

"ఏమిటిది? ప్రతి దానిలోనూ అక్కడే ఉంది! కావాలని చేశావా?"

చెప్పాను. కొత్త కెమెరా అని, మా ఆచారం అని, మా అమ్మ బొట్టు పెట్టిందని. ఆఫీసరు అమ్మ వైపు తిరిగాడు. అమ్మకి బర్మీసు బాగానే వచ్చు, అయినా నాతో తెలుగులోనే అంది: "ఏటంటన్నాడు? ఆడి తుపాకీకి కూడా ఎట్టమంటన్నాడేటి?"

ఆ తెలుగు మాట అర్థం కాకపోయినా, ఆఫీసరు అమ్మ వేలికి ఉన్న కుంకం చూసి నవ్వేశాడు. వెంట వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. టీ తాగాడు. ఒక సిపాయి కెమెరా తీసుకెళదామా అని కళ్ళతో అడిగితే, "ఈ పాడైపోయింది ఎందుకు" అన్నాడు. కార్డు మాత్రం తీసి జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, నా భుజం తట్టి, "సయా, ఒక మంచి కెమెరా కొనుక్కో" అని సలహా ఇచ్చాడు.

ఊరిలోకెల్లా గొప్ప కెమెరా నాది. నాకు కోపం రావాలి. నేను నేల మీద కూర్చుని, అమ్మ పాదాలు పట్టుకుని ఏడ్చాను. ఆశ మీద ప్రేమ నాకెంత ఉందో నాకే తెలియలేదు. రాస్తున్నాను కదా, రాసేస్తాను. మైకు గురించి కాదు. ఎప్పుడూ కాదు.

18 మార్చి

ఊ తిన్ వే కబురు పంపాడు. మళ్ళీ వస్తారట. ఈసారి ఫొటో చూడడానికి కాదు, తీసుకెళ్ళడానికి. వీధిలో ఎవరో పేరు చెప్పేశారు.

20 మార్చి, శనివారం

ఆశ వెళ్తోంది. ఎక్కడికో నాకు చెప్పలేదు, చెప్పినా ఇక్కడ రాయను. నా లిపి మీద నాకున్న నమ్మకం కాస్త తగ్గింది.

అమ్మ అటుకులు, బెల్లం మూట కట్టింది. పెళ్ళికి వెళ్తున్నట్టు తలదువ్వి, జడ వేసింది. సంచీ భుజాన వేసుకున్నాక ఆశ ఆగింది.

"నాన్నా, ఒక ఫొటో తీ. అన్నీ కాల్చీసినావు గదా."

ఫోన్‌తో తియ్యొచ్చు. కానీ మొన్నటి నుంచి సందు చివర ఫోన్లు విప్పించి చూస్తున్నారు. ముఖం ఉన్న ఫొటో ఈ ఇంట్లో ఉండకూడదు. కొత్త కెమెరా తీసి, కొత్త కార్డు వేశాను.

జలపాతం తెర ముందు నిలబడింది. ఐదేళ్ళప్పుడు నిలబడిన చోటే.

"పక్కకి జరగనా?" అంది. మచ్చ ఎక్కడ పడుతుందో దానికీ తెలుసు.

"ఒద్దు. మద్దెనే ఉండు."

గడి వెతికింది. ముఖం దొరకలేదు. అటు వెళ్ళింది, ఇటు వెళ్ళింది, తెర మీద రంగుల నీళ్ళ మీద వాలి మళ్ళీ వెతికింది. నేను గడి ఆపేసి నా కంటితో ఫోకస్ చేశాను. ఆ ఒక్క నిమిషం మచ్చ పక్కనుంచి కెమెరా అవతలికి తొంగి చూశాను. నవ్వుతోంది. పై పెదవి మీద చెమట. ఎడమ చెవి దుద్దు కాస్త వంకర. ఈ ఫొటో కెమెరాలో లేదు, నా కంట్లో మాత్రమే ఉంది.

కెమెరా చప్పుడు చెయ్యలేదు. చెయ్యదు కదా. తీశానో లేదో ఆశకి తెలియక, ఇంకా కాసేపు అలాగే నవ్వుతూ నిలబడింది. నేను చెప్పలేదు.

27 మార్చి

ఎక్కడెక్కడో కాల్చారట. నెట్ లేదు. కబురు లేదు.

2 ఏప్రిల్

కబురు లేదు.

5 ఏప్రిల్

ఎవరో తెలియని అమ్మాయి కొట్టుకొచ్చి పాస్‌పోర్టు ఫొటో అడిగింది. కెమెరా పాడైందన్నాను. వెళ్తూ వెళ్తూ, "ఆశ భోజనం బాగానే చేస్తోందట, కాస్త జ్వరం వచ్చి తగ్గిందట" అని బర్మీసులో అని వెళ్ళిపోయింది. వెంట పరిగెత్తితే గుంపులో కలిసిపోయింది. అమ్మకి చెప్పాను. జ్వరం మాట చెప్పలేదు.

13 ఏప్రిల్, మంగళవారం. ఉగాది

కొత్త పంచాంగం రాలేదు. వచ్చినా అమ్మ అడిగేది కాదు, రాజయోగం తర్వాత ఆ పుస్తకం మీద మా ఇద్దరికీ మాటల్లేవు. ఇవాళే ఈ ఊరి నీళ్ళ పండుగ కూడా. వీధిలో ఒక్క చుక్క నీళ్ళు చల్లలేదు ఎవరూ.

జోగి వచ్చాడు, వేపపువ్వు పొట్లం, దానితో పాటు ఒక చిన్న డబ్బా పట్టుకుని. పడవలో, లారీలో, ఎవరెవరి సంచుల్లోనో దాగి, బాంకాక్ పుల్లలు ఎట్టకేలకు వచ్చాయట.

"రెండు నిమసాల పనన్నా. మంచం మీద కూకుని టీ తాగేలోగా అద్దంలా సేసిస్తాను."

అమ్మ పచ్చడి కలిపి, పండుగ కదా అని పటాలన్నిటికీ బొట్లు పెడుతోంది. వెంకటేశ్వరస్వామికి, సింహాద్రి అప్పన్నకి, గోడ మీద దండల్లో ఉన్న నాన్నకి, ఆశ వాళ్ళమ్మకి. దేవుడి గూట్లో నేను పెట్టిన చిన్న ఫొటో దగ్గరికి వచ్చింది. జలపాతం ముందు సంచీ తగిలించుకున్న పిల్ల, ముఖం చోట ఎర్రటి మచ్చ. దాన్ని గోడకు తగిలిస్తానంటే అమ్మే ఒప్పుకోలేదు, గోడ మీదవన్నీ పోయినవాళ్ళవని.

కుంకం వేలు ఫొటో దాకా వెళ్ళి ఆగింది.

"దీనికొద్దు" అంది. ఆ వేలు ఇటు తిప్పి నా నుదుటి మీద బొట్టు పెట్టింది. చిన్నప్పుడు పెట్టినట్టు, గట్టిగా నొక్కి.

నాకు ఆశని చూడాలని ఉంది. మచ్చ లేకుండా.

జోగి అప్పటికే లెన్సు విప్పి, పుల్ల మందులో ముంచబోతున్నాడు. చెయ్యి పట్టుకున్నాను.

"ఇప్పుడొద్దురా. అది ఒచ్చినాక తుడుద్దాం. అప్పుడు కావాల మొకం."

జోగి లెన్సు బిగించి, టీ తాగి, డబ్బా ఇక్కడే వదిలి వెళ్ళాడు. అమ్మ ఆ డబ్బా తీసుకెళ్ళి గూట్లో ఆశ ఫొటో పక్కన పెట్టింది. కొత్త వస్తువు కదా, దానికి బొట్టు పెట్టింది. మూత మీదే పెట్టింది. ఈసారి నేను పక్కనే నిలబడి చూశాను.